గద్దకు కోడి పెట్టిన కోనమ్మ

అనగా అనగా, రాజుల కాలం వెళ్లిపోయి కెమెరాల కాలం వచ్చాక, ఒక కొండ ఉండేది. దాని పేరు గూళ్లబండ. కొండకు తూర్పు వైపు నిట్టనిలువు రాయి. ఆ రాతి నడుమ, మనిషి చేతికి అందని చోట, చిన్న అరుగంత చదును ఉంది. ఆ అరుగు మీద ఏటేటా ఒక గద్దల జంట గూడు కట్టేది.

గద్దలంటే ఊరి మీద తిరుగుతూ చచ్చిన ఎలుకల కోసం వెతికేవి అనుకునేరు. ఇవి అవి కావు, ఇవి సాళువలు. కొండకుందేలును పరుగులోనే తన్నుకుపోగల పక్షులు. పూర్వం రాజులు సాళువను ముంజేతి మీద ఎక్కించుకుని వేటకు పోయేవారట. ఇప్పుడు ఆ రాజులు లేరు, సాళువలు మాత్రం ఉన్నాయి. ఎవరిది గట్టి వంశమో మీరే చెప్పండి.

కొండ కింద రేగులపాడు అనే ఊరు. ఆ ఊళ్లో ముగ్గురు మనుషులు, ఎవరూ అడగకుండానే, ఎవరూ జీతం ఇవ్వకుండానే, ఆ గూటికి కాపలా కాసేవారు. కాపలా అంటే కర్ర పట్టుకుని కాదు, కన్ను పెట్టి.

మొదటివాడు ఖాసిం. టీవీలు బాగుచేసేవాడు. ఒక ఏడు గద్దలు గూట్లో లేని కాలం చూసి, నడుముకు మోకు కట్టుకుని కొండ దిగి, గూటి ఎదుటి రాతికి కెమెరా బిగించి వచ్చాడు. అప్పటినుంచి గూట్లో ఏది జరిగినా అప్పటికప్పుడే ఫోనున్న ప్రతివాడి అరచేతిలో కనపడేది. రెండవవాడు దేవదానం అయ్యవారు. బడి ఉద్యోగం మానినా పాఠం చెప్పడం మానలేకపోయిన మనిషి. మూడవది కోనమ్మ. ఊళ్లో బట్టలు కుట్టేది. మిషను పక్కనే ఫోను పెట్టుకుని, ఒక కన్ను సూది మీద, ఒక కన్ను గూటి మీద ఉంచేది. రేగులపాడులో కొన్ని రవికల కుట్లు వంకరపోయాయంటే కారణం అదే.

అయ్యవారు మూడు నియమాలు పెట్టాడు. చూసింది రాయాలి. అనుకున్నది రాయకూడదు. గూటి జోలికి పోకూడదు.

పొద్దున కోనమ్మ, మధ్యాహ్నం ఖాసిం, సాయంత్రం అయ్యవారు వంతులేసుకుని చూసేవారు. చూసింది ఒక పొడుగాటి పుస్తకంలో రాసేవారు. పొద్దు వాలే వేళకు ముగ్గురూ కోనమ్మ ఇంటి వసారాలో మూడు కుర్చీలేసుకుని కూర్చుని, ఎవరు రాసింది వారే పైకి చదివేవారు. ఊళ్లోవాళ్లు వసారా ముందు చేరి వినేవారు. ఎక్కడెక్కడి మనుషులో ఫోన్లలో వినేవారు. ఆ చదువు వినందే చాలామందికి అన్నం సయించేది కాదు.

కెమెరాకు కన్నే గానీ చెవి లేదు. గద్దలు ఏం మాట్లాడుకునేవో అది చెప్పలేదు. కథ చెప్పేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు కాబట్టి, అవసరమైనచోట నేను చెబుతాను.

ఆ ఏడు పుష్యమాసంలో తల్లి గద్ద రెండు గుడ్లు పెట్టింది. మాఘం వెళ్లేలోపు రెండు పిల్లలు బయటికొచ్చాయి. పెద్దది మూడు రోజుల ముందు, చిన్నది మూడు రోజుల వెనుక. మూడు రోజులే గదా అనకండి. గద్దల ఇంట్లో మూడు రోజులు ముందు పుట్టినవాడు మూడేళ్లు ముందు పుట్టినట్టే.

ఫాల్గుణం మొదట్లో ఒక సాయంత్రం సుడిగాలి లేచింది. గూటి అంచున పుల్లలు సగానికి సగం రాలిపోయాయి. చూసేవాళ్లంతా గగ్గోలు పెట్టారు. గూటిని తీగతో కట్టమని ఒకరు, కింద వల పరచమని ఒకరు సందేశాలు పంపారు. సిమెంటు మెత్తితే సరిపోతుందని ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. కోనమ్మ మరునాడు పుస్తకంలో రెండే మాటలు రాసింది: "గాలికి పుల్లలు రాలాయి. తల్లి పిల్లలను కప్పుకుని కూర్చుంది." మగ గద్ద ఆ రోజంతా పుల్లలు మోసింది. ఆ మరునాడు పచ్చి వేపరెమ్మలు తెచ్చి పరిచింది. గూడు మునుపటికన్నా గట్టిపడింది. సిమెంటు పెద్దమనిషి మళ్లీ మాట్లాడలేదు.

తరువాత ఎరువుల కొట్టు ఓబులేసు వచ్చాడు. వ్యాపారి. అతనికి ఏ గోడ చూసినా తన కొట్టు పేరు రాయాలనిపించేది. ఇంతమంది చూసే రాయి ఊరికే ఖాళీగా ఉండటం అతని మనసుకు నచ్చలేదు. గూటి పక్కన రాతి మీద ఎర్రరంగుతో కొట్టు పేరు రాయించుకుంటానని అడిగాడు.

"గద్దకేం నష్టం కోనమ్మా? దానికి చదువొచ్చా ఏమన్నానా?" అన్నాడు.

"గద్దకు చదువు రాదు ఓబులేసన్నా. రంగు డబ్బా పట్టుకొని దిగే మనిషి మాత్రం కనపడతాడు," అంది కోనమ్మ.

ఓబులేసు మొహం ముడుచుకుని వెళ్లిపోయాడు. అయ్యవారు ఆ పూట కోనమ్మను నలుగురిలో మెచ్చుకున్నాడు. నియమం అంటే ఇలా నిలబెట్టాలన్నాడు. కోనమ్మ కూడా, నియమం నిలబెట్టడం ఇంత తేలికా అనుకుంది. ఎవరికైనా రెండుసార్లు గెలిచాక అలాగే అనిపిస్తుంది.

ఆ ఏడు వడగాలి ముందే మొదలైంది. కొండ మీద గడ్డి మాడింది. కుందేళ్లు పొదలు విడిచి రాకుండా దాక్కున్నాయి. మగ గద్ద పొద్దున పోయి ఉత్త కాళ్లతో తిరిగివచ్చేది. ఎప్పుడో ఒక తొండ, ఎప్పుడో ఒక ఎలుక. ఆ తెచ్చినది పెద్దపిల్ల తినేది. చిన్నది నోరు తెరిస్తే పెద్దది దాని నెత్తిన పొడిచేది. తల్లి చూస్తూ ఉండేది గానీ అడ్డుపడేది కాదు. ఇద్దరికీ చాలనప్పుడు ఒక్కరినైనా బతికించుకోవడం గద్దల పద్ధతి. ఆ పద్ధతి బాగుందని నేను అనడం లేదు, ఉన్నదని చెబుతున్నాను.

చిన్నదాని నెత్తి మీద ఈకలు ఊడి చర్మం కనపడసాగింది. చూసేవాళ్ల ఏడుపు సందేశాలు వానలా కురిశాయి. మీరు మనుషులేనా అని అడిగినవాళ్లున్నారు. కోనమ్మ మిషను ఆపి ఆ సందేశాలన్నీ చదివేది. చదివి అయ్యవారి దగ్గరికి పోయింది.

"అయ్యవారూ, చిన్నది చచ్చిపోతాది."

"పోవచ్చమ్మా."

"మనం చూస్తా కూర్చోవాల్నా?"

"నీకు కుట్టడం తెలుసు, నాకు పాఠం చెప్పడం తెలుసు. గద్దను పెంచడం మనిద్దరికీ తెలీదు. తెలియని పనిలో చెయ్యి పెట్టకూడదు తల్లీ," అన్నాడు అయ్యవారు.

మాట సరైనదే. కానీ కోనమ్మకు వేరే లెక్క ఉంది. ఆమె కవలల్లో రెండవది. పుట్టినప్పుడు పిడికెడంత ఉందట. ఇది బతకదని చాప మీద ఒక మూల పడుకోబెట్టి, అందరూ పెద్దపిల్లను చూసుకున్నారట. పొరుగింటి ముసలమ్మ ఒకతె, ఎవరినీ అడక్కుండా, గుడ్డ ముక్క మేకపాలలో ముంచి నోట్లో పిండింది. అలా బతికిన మనిషి కోనమ్మ. తెర మీద ఆ చిన్నపిల్ల తల వాల్చినప్పుడల్లా ఆమెకు ఆ చాప గుర్తొచ్చేది. అది భరించలేకపోయింది.

మరునాడు కోడి కూసే వేళకు లేచి, తన పెరట్లో ఉన్న ఒక్క పెట్టను పట్టి కోసి, ఈకలన్నీ పెరికి, కొంగు కింద దాచుకుని, గొర్రెలు పోయే వెనుక దారిన కొండ ఎక్కింది. గూటికి పైన కొండ నెత్తిన చదునైన బండ ఉంది. అక్కడికి కెమెరా చూపు అందదు. కోడిని బండ మీద పెట్టి, చప్పుడు కాకుండా దిగి వచ్చింది. పొద్దు పొడిచేసరికి ఏమీ ఎరగనట్టు మిషను ముందు కూర్చుంది.

తల్లి గద్ద అరుగు మీది నుంచి ఇదంతా చూసింది. గద్ద కంటికి కనపడకుండా కోడిని దాచడం కొంగు వల్ల అయ్యే పని కాదు. కాస్త ఎండ పడగానే పైకెగిరి, బండ మీద వాలి, కోడిని తన్నుకుని గూటికి తెచ్చింది. తిండి ఎక్కువైంది. పెద్దది మెడ దాకా తిని పక్కకు ఒరిగింది. చిన్నదానికి వంతు వచ్చింది. అది తింటుంటే కోనమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు తన పెళ్లినాడు కూడా కలగలేదు.

ఏడుపయ్యాక పుస్తకం తీసి రాసింది: "తల్లి పిట్టను తెచ్చింది. ఇద్దరు పిల్లలూ తిన్నాయి."

ఆ సాయంత్రం చదువులో అది విని అందరూ చప్పట్లు కొట్టారు. ఏ పిట్ట అని అయ్యవారు అడిగాడు. గద్దలు పట్టిన పిట్టకు ఈకలు పీకి గూటికి తేవడం మామూలే. అందుకే కోనమ్మ, "ఈకలు పెరికేసి ఉండాది అయ్యవారూ, గుర్తుపట్టలేం," అంది.

కోడి కూడా పిట్టే. తెచ్చిందీ తల్లే. ఈకలు పెరికేసిన మాటా నిజమే. విడివిడిగా ఏ మాటా అబద్ధం కాదు, అన్నీ కలిపితే మాత్రం అబద్ధం. అబద్ధాల్లో ఇది చెడ్డ జాతి, పట్టుకుందామంటే తోక దొరకదు.

మరునాడు రెండో కోడి. ఇంట్లో ఉన్న ఒక్క పెట్టా అయిపోయింది కాబట్టి, కోళ్లు పెంచే గంగులమ్మ దగ్గర కొన్నది. ఎవరికని అడిగితే చుట్టాలొస్తున్నారంది. ఆ మరునాడు మూడో కోడి, అదీ గంగులమ్మ దగ్గరే. చుట్టాలు ఇంకా పోలేదంది. మూడు రోజులూ పుస్తకంలో అదే మాట: "తల్లి పిట్టను తెచ్చింది."

ఇక్కడ గద్దల మాట కాస్త వినాలి. మూడో రోజు మగ గద్ద ఎంతో దూరం తిరిగి వచ్చి, "ఉత్తరపు లోయలో పచ్చిక మిగిలే ఉంది. కుందేళ్ల జాడ చూశాను. రేపు అటు పోతాను," అంది.

"రెక్కలు నొప్పి చేసుకోవడం ఎందుకు?" అంది తల్లి గద్ద. "బండ మీదికి కోడి వస్తోందిగా."

"కోడి తనంతట తాను రాదు. ఒక ఆడమనిషి తెస్తోంది."

"మరీ మంచిది. అయితే కోళ్లు ఉండేది మనుషుల దగ్గరన్నమాట."

మగ గద్ద ఆలోచించింది. ఆ మాటలో తప్పేమీ దానికి కనపడలేదు. లోయకు పోవడం మానుకుంది.

చిన్నపిల్ల తల నిలబెట్టింది. రెక్కలు విదిలించింది. చూసేవాళ్లు దానికి ముద్దుపేరు పెట్టుకున్నారు. ఎక్కడో పట్నంలో మిఠాయిలు పంచారట. ఇక తనతో పని లేదనుకుంది కోనమ్మ. నాలుగో రోజు కొండ ఎక్కలేదు.

తల్లి గద్ద బండ మీద మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది. పిల్లలు ఆకలికి అరిచాయి. అప్పుడది రెక్కలు చాచి, ఇంతవరకూ ఏనాడూ పోని దిక్కుకు, ఊరి మీదికి దిగింది. గంగులమ్మ పెరట్లో గింజలేరుకుంటున్న పెట్ట ఒకటి అరిచేలోపు గాలిలోకి లేచిపోయింది. మరునాడు ఖాసిం ఇంటి ముందు నుంచి ఇంకొకటి. ఆ మరునాడు ఓబులేసు పుంజు పోయింది. ఆ పుంజును ఓబులేసు కన్నకొడుకులా సాకాడు. దానికి నల్లద్రాక్ష తినిపించేవాడు. వ్యాపారి అయినా మనిషే గదా, పాపం, అతను ఆ పూట అన్నం ముట్టలేదు.

సాయంత్రం చదువు వేళకు ఊరు సగం వసారా ముందు చేరింది. ఈసారి వినడానికి రాలేదు. ఒకరి తరువాత ఒకరు తమ కోళ్ల సంగతి చెప్పుకున్నారు. ఆడవాళ్లు, ఇవాళ కోడి, రేపు పసిబిడ్డ అన్నారు. బిడ్డను మోసుకుపోయే బలం గద్దకు లేదని అయ్యవారు చెప్పాడు గానీ ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. "నా కొట్లో మందుండాది. మాంసం ముక్కకు పూసి ఆ కొండ మీద పెడితే ఒక పూటలో తీరిపోతాది," అన్నాడు.

అయ్యవారు పుస్తకం పైకెత్తి చూపాడు. ఇన్నేళ్ల రాతలో ఈ జంట ఒక్క కోడిని ముట్టిన దాఖలా లేదన్నాడు. ఏదో కారణం ఉంటుంది, వెతుకుదాం, తొందరపడకండి అన్నాడు.

"ఆ మాటే నేనూ అంటున్నా అయ్యవారూ," అన్నాడు ఓబులేసు. "నేర్పినోడుంటే వాని చేతనే మాన్పించొచ్చు. ఇది ఎవరూ నేర్పకుండా నేర్చిన దొంగతనం. దీన్ని మాన్పేదెవరు?"

అయ్యవారు పుస్తకం తిరగేశాడు. జవాబు పుస్తకంలో ఉండవలసింది. అక్కడ "తల్లి పిట్టను తెచ్చింది" అని మాత్రమే ఉంది. తెల్లవారగానే మందు పెట్టాలని ఊరు తీర్మానం చేసింది. కాదనగలిగినవాడు ఒక్కడూ లేడు.

కోనమ్మ గడప దగ్గర నిలబడి అంతా విన్నది. నోరు తెరిస్తే ఊళ్లో పరువు పోతుంది. కుర్చీ పోతుంది. ఇన్నేళ్ల పుస్తకం ఎవరూ నమ్మరు, అది అయ్యవారి ప్రాణం. అన్నిటికన్నా ముందు, ఊరు కోళ్లను దాచుకుంటుంది, కొండ మీద తిండి తగ్గుతుంది, తగ్గితే ముందు పోయేది చిన్నపిల్లే. నోరు తెరవకపోతే రేపు పొద్దుటికి తల్లీ తండ్రీ ఇద్దరు పిల్లలూ అందరూ పోతారు.

ఊరు కోపంగా ఉన్నా అలవాటు అలవాటే. చదువు మొదలుపెట్టమని ఎవరో అన్నారు. మొదటి వంతు కోనమ్మది. గడప దాటి వచ్చి, ఆ రోజు రాసింది చదివింది. చదివాక పుస్తకం మూయలేదు.

"ఇంకో మాట ఉండాది. అది నేను రాయలేదు," అంది. "మూడు దినాలు తెల్లారకముందే నేను కొండెక్కి బండ మీద కోడిని పెట్టినా. ఈకలు పెరికింది గద్ద కాదు, నేను. పిట్టను తెచ్చిందని రాసినా. అట్ల రాసి మిమ్మల్నందరినీ మోసం చేసినా. గద్దకు ఎవరూ నేర్పలేదనే మాట తప్పు ఓబులేసన్నా. నేర్పింది నేను. నేర్పినోళ్లు మాన్పించొచ్చని నువ్వే అన్నావు. నాకు గడువియ్యండి."

ఫోన్లలో తిట్లు మొదలయ్యాయి. నిన్నటి దాకా మీరు మనుషులేనా అని అడిగినవాళ్లే, గూటి జోలికి పోవడానికి నువ్వెవరని అడిగారు. అయ్యవారు కళ్లజోడు తీసి పంచెతో తుడుచుకుంటూ ఉండిపోయాడు. తిట్టి ఉంటే కోనమ్మకు కాస్త తేలికయ్యేది.

చివరికి గంగులమ్మ ముందుకొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో ఆమె మాటకు ఎదురు చెప్పేవాళ్లు తక్కువ.

"నీ ఇంటికి చుట్టాలెవరూ రాలేదని నాకు తెలుసునే కోనా," అంది. "నువ్వు నోరు తెరుస్తావా లేదా అని చూస్తా ఉన్నా. తప్పు నీది, మందు పక్షికి పెడితే ఏం న్యాయం? మూడు దినాలు మా కోళ్లు గంపల కింద ఉంటాయి. నువ్వు పెరడు పెరడూ తిరిగి గద్దను తరుము. ఒక్క కోడి పోయినా ఓబులేసు మందు పెట్టాల్సిందే."

ఊరు ఒప్పుకుంది. ఓబులేసు కూడా తన మాటే తనకు అడ్డం తగిలింది కాబట్టి తలూపాడు.

మొదటి రోజు కోనమ్మ ఇత్తడి పళ్లెం, కొయ్య గరిటె పట్టుకుని గంగులమ్మ పెరట్లో నిలబడింది. పొద్దెక్కాక తల్లి గద్ద వచ్చింది. గంపల వైపు చూడలేదు. నేరుగా వచ్చి కోనమ్మ ఎదుట గోడ మీద వాలి, రెక్కలు ముడుచుకుని, ఆమె మొహంలోకి చూసింది. ఈ మనిషి ఎవరో దానికి తెలుసు. అంత దగ్గరగా దాన్ని ఎవరూ ఏనాడూ చూడలేదు. పసుపు రంగు కన్ను, రొమ్ము మీద గోధుమ చారలు, గోళ్ల మధ్య ఎండిన నెత్తురు. కోనమ్మ చెయ్యి పైకి లేవలేదు.

"కొట్టవే," అంది వెనుక నుంచి గంగులమ్మ. "ఇప్పుడు నువ్వు జాలి పడితే రేపు మందు జాలి పడదు."

కోనమ్మ కళ్లు మూసుకుని పళ్లెం మోగించింది. మట్టిపెడ్డ తీసి విసిరింది. గద్ద అదిరిపడి లేచింది గానీ దూరం పోలేదు. ఏదో పొరపాటు జరిగిందన్నట్టు మళ్లీ మళ్లీ తలమీద తిరిగింది. కోనమ్మ చెయ్యి నొప్పి పుట్టేదాకా కొడుతూనే ఉంది.

రెండవ రోజు అది ఆకలి మీద వచ్చింది. ఖాసిం ఇంటి దగ్గర గంపను తన్ని దొర్లించబోయింది. కోనమ్మ పరుగెత్తి విసిరిన పెడ్డ రెక్కకు తగిలింది. ఒక ఈక ఊడి కింద పడింది. ఆమె ఆ ఈకను తొక్కకుండా పక్కకు జరిగి ఇంకో పెడ్డ విసిరింది. ఆ సాయంత్రం వసారాలో ఖాసిం తన వంతు చదివాడు: "మధ్యాహ్నం నుంచి చిన్నది లేవలేదు." వినవచ్చిన కోనమ్మ, వసారాలోకి రావడానికి మొహం చెల్లక, తన ఇంటి వసారా ముందే వీధిలో నిలబడి విన్నది.

రేపొక్కరోజు పళ్లెం పక్కన పెడితే చిన్నది బతుకుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు, గంగులమ్మకూ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

మూడవ రోజు తెల్లవారేసరికి కోనమ్మ ఓబులేసు పెరట్లో ఉంది. గద్ద చాలా ఎత్తున వచ్చింది. కింద ఆమెను చూసింది. పళ్లెం ఒక్కసారి మోగగానే అరిచి, పక్కకు తిరిగి, కొండ దాటి ఉత్తరపు లోయ వైపు పోయింది. మగ గద్ద దాని వెనకే పోయింది. ఆ రోజు ఇక రాలేదు. ఒక్క కోడీ పోలేదు.

సాయంత్రం అయ్యవారు చదివాడు: "నా వంతు మొదట్లోనే చిన్నది చనిపోయింది. పొద్దు వాలుతుండగా తల్లి, తండ్రి కుందేలును తెచ్చారు. తల్లి చిన్నదాని పక్కన చాలాసేపు నిలబడింది." నిలబడిందని రాశాడు, ఏడ్చిందని రాయలేదు. అనుకున్నది రాయకూడదు గదా.

కుందేలు ఒక్క పూట ముందు వచ్చి ఉంటే అని ఎవరైనా అడగవచ్చు. కోళ్లు పెట్టిన ఆ రోజుల్లోనే మగ గద్ద లోయకు పోయి ఉంటే అని కూడా అడగవచ్చు. కోనమ్మ ఆ రెండు ప్రశ్నలూ తనను తాను చాలాసార్లు అడుక్కుంది. ఆ సాయంత్రం మాత్రం మోకాళ్లలో మొహం పెట్టుకుని ఏడ్చింది. గంగులమ్మ వచ్చి పక్కన కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఓబులేసు మందు డబ్బాను తిరిగి కొట్లో అటక మీద పెట్టాడు. చూసేవాళ్లలో సగం మంది, పిల్ల చచ్చిన గూడు మాకెందుకని వెళ్లిపోయారు. మిగిలిన సగం ఉండిపోయారు. తనకు నష్టమైనా చెప్పే పుస్తకం ఇదొక్కటే ఉందని వాళ్లలో ఒకాయన రాశాడు. అయ్యవారు ఆ ముక్కను కోనమ్మకు చదివి వినిపించాడు.

"కుర్చీ ఖాళీగానే ఉంది కోనమ్మా. రా," అన్నాడు.

"ఆ పిల్ల ఎగిరేదాకా నేను పెరట్లలోనే ఉంటా అయ్యవారూ. అది కూడా ఈ దారి నేర్చుకుంటే నా పని సగమే అయినట్టు," అంది.

మూడు రోజుల గడువును ఆమె రెండు నెలలు చేసింది. ఇంటి పని, మిషను పని ముగించుకుని, ఏ పెరట్లో కోళ్లు మేస్తుంటే ఆ పెరట్లో కూర్చుని కాజాలు కుట్టుకునేది. ఆకాశంలో పెద్ద రెక్క కనపడితే పళ్లెం మోగించేది. కొండ మీద మగ గద్ద కుందేళ్లు మోసింది. పెద్దపిల్లకు రెక్కలు నిండాయి. వైశాఖంలో ఒక పొద్దున అది అరుగు అంచున నిలబడి, రెండుసార్లు వెనక్కి తగ్గి, మూడవసారి గాలిలోకి దూకింది. పడలేదు.

కొన్నాళ్లకు తల్లి గద్ద దానికి వేట నేర్పడానికి తోడు తీసుకుపోతోంది. దారిలో ఊరు వచ్చింది. కింద గంగులమ్మ పెరట్లో కోళ్లు గింజలు ఏరుకుంటున్నాయి.

"అమ్మా, ఎంత లావుగా ఉన్నాయో చూడు. పరుగు కూడా రాదు వాటికి. దిగుదామా?" అంది పిల్ల.

"వద్దు," అంది తల్లి. "ఆ గోడ పక్కన ఒక ఆడమనిషి కూర్చుని ఉంది, చూశావా? కొండ కింద అంతటి చెడ్డ మనిషి లేదు. ఒకనాడు పెడుతుంది, ఒకనాడు కొడుతుంది. ఆ మనిషి కనపడ్డా, అలాంటి మనుషులు ఎక్కడ కనపడ్డా, దగ్గరికి పోకు."

పిల్ల కిందికి చూసి భయపడి, రెక్కలు బిగించి, తల్లి వెంట ఉత్తరపు లోయకు పోయింది. అది చాలా ఏళ్లు బతికింది, ఎవరి మందుకూ చిక్కలేదు. గోడ పక్కన కోనమ్మ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రెండూ కొండ దాటేదాకా చూసింది. తనను చూసి అవి తప్పుకుపోయాయని మాత్రం ఆమెకు అర్థమైంది. ఆ పూట ఆమె కడుపు నిండా అన్నం తిన్నది.

కాబట్టి పిల్లలూ, తప్పు ప్రేమతో చేసినా సరే దాచకండి. దాచిన తప్పుకు శిక్ష, తప్పు చేసినవాళ్లకు పడదు, నోరులేని ప్రాణికి పడుతుంది.